పెద్దబాతులంటే నాకెందుకు పడదంటే

పోయిన నెల మా స్కూలు టీచర్లమంతా కలిసి అరకు దగ్గర ఒక రిసార్టుకి వెళ్ళాం. గేటు దాటీ దాటకముందే నా ముక్కుకి ఆ వాసన తగిలింది. తడిసిన ఈకలు, తొక్కితొక్కి బురదైన గడ్డి, పచ్చగా జారే రెట్ట, మూడు రోజులుగా మార్చని తొట్టి నీళ్ళు, ఇవన్నీ కలిసిన పెద్దబాతుల కంపు. ముప్పయ్యేళ్ళు దాటినా కళ్ళు మూసుకుని గుర్తుపట్టగలను. సిమెంటు కొలను పక్కన ఆరు తెల్లబాతులు మెడలు సాచి తిరుగుతున్నాయి, మాతో వచ్చిన లెక్కల టీచరు ఎంత ముద్దొస్తున్నాయో అంటూ ఫోను తీసి వాటి పక్కన నిలబడింది. ముద్దొస్తున్నాయట, నా మొహం! వాటిని పెంచిన ఇంట్లో పుట్టి, పిక్కల నిండా వాటి ముక్కు పట్టిన మచ్చలతో పెరిగినదాన్ని నేను. ఆ రోజంతా భోజనాల హాల్లోనే కూర్చున్నాను, ఎవరు పిలిచినా కొలను వైపు వెళ్ళలేదు.

మా ఊరు మత్స్యగెడ్డ ఏటికి పై గట్టున, ముప్పై గడపలుంటే ఎక్కువ. టైడా రైల్వే క్వార్టర్లలో ఎవరో బదిలీ మీద వెళుతూ వదిలేసిన బాతుల జంటని మా అవ్వ, అంటే అయ్యని కన్నతల్లి, గంపలో పెట్టుకుని రైల్లో కొంత, బస్సులో కొంత, కాలినడకన కొంత మోసుకొచ్చిందట. నాకు బుద్ధి తెలిసేసరికి అవి ఏడయ్యాయి. వాటిలో పెద్ద మగబాతుకి అవ్వ ‘గార్డు’ అని పేరు పెట్టింది, కట్టెలకి వెళ్ళిన ఆడవాళ్ళ మీద ఫారెస్టు గార్డు లేచినట్టే అదీ లేచేది కాబట్టి. పాము వచ్చినా, నక్క వచ్చినా, పక్కూరి చుట్టం వచ్చినా దానికి ఒకటే, మెడ నేలకి ఆనించి బుస్సుమంటూ వచ్చి పిక్క పట్టుకుని మెలిపెట్టేది. కుక్క కరిస్తే వదులుతుంది, అది వదిలేది కాదు. పొద్దున్నే పొగమంచులో, చోడి అంబలి, అదే రాగి అంబలి, ఇంకా కడుపులో చల్లగా కదులుతుండగానే, ఆ ఏడింటినీ గెడ్డకి తోలుకెళ్ళడం నా పని. చేతిలో కర్ర నాది, అయినా ముందు నేను పరిగెత్తేదాన్ని, వెనక గార్డు తరిమేది. ఊరంతా చూసి నవ్వేది. ఆ నవ్వు విన్నప్పుడల్లా దాన్ని ఎప్పుడు కోస్తారా అని మొక్కుకునేదాన్ని, అవ్వ మాత్రం నన్ను కోసినా దాన్ని కోసేది కాదు.

పెంపుడు బాతుకి ఒళ్ళు బరువు, ఎగరలేదు అంటారు చదువుకున్నవాళ్ళు. కొండ వాలులో వాటిని ఎప్పుడూ చూడలేదు గనక అంటారు. గాలికెదురుగా పల్లానికి పరిగెత్తి రెక్కలు చాపితే అవి మూడు మడులు దాటి వెళ్ళి ఎవడి సామచేలోనో పడేవి, ఇక ఆ చేనుగలవాడు ఇంటి మీదికొచ్చి మా వంశాన్నంతా తిట్టేవాడు. అందుకని ఏటేటా వానలు వెళ్ళాక అవ్వ ఒక్కోదాన్నీ ఒళ్ళో అదిమిపట్టి, ఒక పక్క రెక్క మాత్రమే విప్పి, పెద్ద ఈకల్ని కత్తెరతో కరకర కోసేది. రెండు పక్కలా కోస్తే ఎలాగో తంటాలు పడి ఎగురుతుందట, ఒక పక్కే కోస్తే ఒరిగి పడిపోతుందట. కోసిన ఈకలు నాకిచ్చేది, వాటితో చెవులు గోక్కోవడం మా పిల్లలందరికీ పెద్ద సరదా.

అడవి పెద్దబాతులు వేరు. వలిసెచేలు పసుప్పచ్చగా పూసి రాలిపోయి, వరి కోతలయ్యాక, తెల్లారగట్ట చలికి గెడ్డ నీళ్ళ మీద ఆవిరి లేస్తుంటే అవి జోలాపుట్టు డ్యాము నీళ్ళ వైపు నుంచి వరసకట్టి వచ్చి మా పల్లపు మడుల్లో వరి కొయ్యకాళ్ళ మధ్య దిగేవి. బూడిదరంగు ఒళ్ళు, తెల్లని తల, తల వెనక రెండు నల్లని గీతలు, మా అవ్వ నుదుటి పచ్చబొట్టులాగే. మా ఇంటి బాతుల్లా రొదపెట్టేవి కావు, తోసుకునేవి కావు, ఒకటి తల ఎత్తి కాపలా ఉంటే మిగిలినవి తినేవి. ఎక్కడో మంచు కొండల అవతల నుంచి వస్తాయని మాస్టారు చెప్పారు. నేను గట్టు వెనక బోర్లా పడుకుని, చలికి పళ్ళు కొట్టుకుంటుంటే చూసేదాన్ని. అప్పుడు నా వెనకాల గార్డు ఒకసారి అరిచి చెడగొట్టేది. అవన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి, మా దరిద్రాలు ఏడూ మెడలు సాచి, ఒక రెక్క పొడుగ్గా, ఒక రెక్క పొట్టిగా ఆడిస్తూ వాటి వెనక పరిగెత్తి బురదలో పడేవి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పుష్యమాసంలో, చేపల వలదారంతో ఎవరో పన్నిన ఉచ్చులో ఒక అడవి బాతు కాలు చిక్కుకుంది. నేను వెళ్ళేసరికి దారం ఎముక దాకా కోసుకుపోయి ఉంది. దారం తెంపుతుంటే నా బొటనవేలు కొరికింది. ఆ కొరుకు కూడా నాకు గొప్పగా అనిపించింది, ఇంటి బాతులు కొరికితే వచ్చే కోపం రాలేదు. గంప కింద మూసిపెట్టి, అవ్వ నూరిచ్చిన పసుపు కట్టి, చోళ్ళు పోశాను. రెండు రోజులు ముట్టలేదు, మూడో రోజు తిన్నది. గార్డుకి అదంటే ఒళ్ళుమంట, గంప మీదెక్కి తన్నేది, బయటికి వదిలితే మెడ పట్టి ఈడ్చేది. అదీ తక్కువది కాదు, ఒకసారి తిరగబడి గార్డు కంటి దగ్గర రక్తం చూసింది. ఆ రోజు నేను పండగ చేసుకున్నాను.

మాఘం వచ్చేసరికి కాలు మానింది, రెక్కలు విప్పి విదిలించడం మొదలుపెట్టింది. అది వెళ్ళిపోతుందని నాకు భయం పట్టుకుంది. అప్పుడు నేను చేసిన పని ఎవరూ చెయ్యమనలేదు. అవ్వ సంతకి వెళ్ళిన రోజు, ఆవిడ కత్తెర తీసి, ఆవిడలాగే ఒళ్ళో అదిమిపట్టి ఒక పక్క రెక్క కోసేశాను. నెల రోజులుంచుకుని వదిలేద్దామనే నా ఆలోచన, ఈలోగా గోళ్ళలాగా, జుట్టులాగా మళ్ళీ పెరుగుతాయి కదా అనుకున్నాను. సాయంత్రం అవ్వ వచ్చి ఈకలు చూసి నా వీపు మీద ఒక్కటిచ్చింది.

“ఏటి సేసినావే గుంటా? కోసిన ఈక గోరు కాదే. అది రాలితేనే కొత్తది మొలుస్తాది, వానలు పడ్డాకే. దాని గుంపోళ్ళు అప్పటిదాకా ఆగుతారేటి?”

ఆగలేదు. ఫాల్గుణంలో, ఇప్పచెట్లు పువ్వు రాల్చే రోజుల్లో, సాయంత్రాలు అడవి బాతుల బారులు ఒకటొకటే మా ఊరి మీదుగా ఉత్తరానికి వెళ్ళిపోసాగాయి. పైన పిలుపు వినగానే మా బాతు మడి ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెత్తి లేచేది, గట్టెత్తు లేచి ఒక పక్కకి ఒరిగి పడేది, మళ్ళీ లేచి పరిగెత్తేది. పైనున్నవి రెండు చుట్లు తిరిగి, అరిచి, వెళ్ళిపోయాయి. నాలుగో రోజు దాన్ని చంకలో పెట్టుకుని మా కాఫీతోట పైనున్న బండ ఎక్కి, బలంకొద్దీ గాలిలోకి విసిరాను. గిరగిరా తిరిగి కాఫీ మొక్కల్లో పడింది. దిగి వెతికి పట్టుకుంటే నన్ను కొరకలేదు, ఊరికే వగర్చింది. ఇంత చేతకానిదాన్ని ఎందుకు పుట్టించావని ఆ బండ మీద కూర్చుని దేవుణ్ణి తిట్టాను. వానలదాకా దాన్ని కాపాడితే చాలు, వచ్చే ఏడు తన గుంపులో కలుస్తుందని అవ్వ అన్నది, నేనూ అదే పట్టుకుని కూర్చున్నాను.

వానలకన్నా ముందు చైత్రం వచ్చింది, చైత్రంతో ఇటుకల పండగ వచ్చింది. మా కొండల్లో దాని సంగతి తెలియనివాళ్ళు లేరు. విత్తనాలు అమ్మవారి ముందు పెట్టి పూజచేశాక మగవాళ్ళంతా విల్లులూ బల్లేలూ పట్టుకుని వేటకి వెళతారు, ఆడవాళ్ళు ఊళ్ళో థింసా ఆడుతూ ఎదురుచూస్తారు. వేటతో వచ్చినవాడికి కాళ్ళు కడిగి బొట్టు పెడతారు. వట్టి చేతులతో వచ్చినవాడికి కుండల్లో కలిపి ఉంచిన పేడనీళ్ళు నెత్తిన పోసి, నోటికొచ్చినట్టు ఎగతాళి చేస్తారు. ఆ ఒక్క పూట పెళ్ళాం మొగుణ్ణి, కూతురు తండ్రిని ఏమన్నా తప్పులేదు. మా అయ్య చెట్టుకి బాణం వేస్తే చెట్టుకి తగలని మనిషి. అప్పటికి వరసగా మూడేళ్ళు పేడనీళ్ళు తాగినంత పనైంది, ఏడాది పొడుగునా ఊళ్ళో ఆయన్ని ‘పేడరాజు’ అనే పిలిచేవారు. ఆయన తల దించుకుని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఆ ఏడు వేటకెళ్ళిన మూడో రోజు మధ్యాహ్నం డప్పులు వినబడ్డాయి. నేను మా మేనత్త పక్కన, అయ్య సొంత చెల్లెలి పక్కన, పేడకుండ పట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డాను. ఇద్దరు కలిసి అడవిపందిని మోసుకొచ్చారు, ఇంకొకడు కుందేలు, ఇంకొకడు రెండు కౌజుపిట్టలు తెచ్చాడు. చివర్న మా అయ్య, విల్లు భుజాన, చేతులు ఖాళీ. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నాలుగో ఏడు కూడా! నా కళ్ళలో నీళ్ళొచ్చేంత కోపమొచ్చింది, ఆ కోపమంతా గొంతులో పెట్టి అరిచాను.

“మనింటికాడ రెక్క లేని అడవిబాతుంది గదా అయ్యా, అదైనా కొట్టగలవేటి? పో, ఎల్లి పట్టుకో!”

అందరూ విరగబడి నవ్వారు. అయ్య మాత్రం నవ్వలేదు. నా వంక ఒకసారి చూసి, కుండలన్నీ ఎత్తి పట్టుకుని ఉండగానే మా మధ్య నుంచి నడిచి ఇంటి వైపు వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేటప్పటికి చేతిలో బాతు ఉంది, మెడ వేలాడుతోంది. ఇంటి బాతు వేట కింద చెల్లదని ఎవరో అన్నారు. పూజారి దాని తల తిప్పి రెండు నల్లగీతలు చూసి, ఇది అడవిలో పొదిగిన పిట్టే, వేటే అని తీర్పు చెప్పాడు. మా అత్త తన కుండ పక్కన పెట్టి అయ్య కాళ్ళు కడిగింది. నేను కుండ పట్టుకుని అలాగే నిలబడి ఉంటే అయ్య నా దగ్గరకొచ్చి, “నువ్వే ఇచ్చినావు గదే గుంటా” అన్నాడు.

వేటమాంసం ఊరంతా పంచాలి, వద్దనకూడదు. అడ్డాకులో నా వాటా నాకొచ్చింది, రెండు ముక్కలు, అల్లం, పచ్చిమిరపకాయ వేసి ఉడకబెట్టినవి. తిన్నాను. రుచిగా ఉంది. ఆ మాట దాచితే ఇదంతా రాసి ఉపయోగం లేదు.

ఆ తరవాత ముప్పయ్యేళ్ళు మా అయ్య ఆ సంగతిని తనకు నచ్చినట్టు చెప్పుకుతిరిగాడు. నా గుంట నా పరువు కోసం ప్రాణంగా పెంచుకున్న బాతునిచ్చింది అని సంతలో చెప్పాడు, నా పెళ్ళిలో మా అత్తవారికి చెప్పాడు, నా కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోయేది. నేనివ్వలేదు, నేను నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను, నువ్వు దాన్ని చంపావు అని మొహం మీద అనాలని నోటిదాకా వచ్చేది. తెలివితక్కువ మనిషి, ఎగతాళికీ ఇవ్వడానికీ తేడా తెలియనివాడు అని మనసులో తిట్టుకునేదాన్ని. పండక్కి వెళ్ళినా ఆయనతో సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు, పరీక్ష పేపర్లు దిద్దాలని చెప్పి బేగి బయలుదేరి వచ్చేసేదాన్ని.

ఈ ఏడు చైత్రానికి అయ్య లేడు. పండగ కూడా పేరుకే ఉంది, కుర్రాళ్ళు బైకుల మీద ఒక గంట తిరిగి బ్రాయిలర్ కోళ్ళు పట్టుకొస్తున్నారు, పేడనీళ్ళు పోస్తే బట్టలు పాడవుతాయని ఎవరూ కలపడం లేదు. మా దొడ్లో బాతు జాతి లేదు. పల్లపు మడుల్లో ఇళ్ళు లేచాయి, శీతాకాలం తెల్లారగట్ట లేచి వెళ్ళి చూసినా అడవి బాతు ఒక్కటీ దిగలేదు, ఇంకెక్కడికి వెళుతున్నాయో తెలియదు. సాయంత్రం మా మేనత్త వాకిట్లో కూర్చుంటే ఎవరో అయ్యని తలుచుకుని మళ్ళీ అదే కథ ఎత్తుకున్నారు, తండ్రి కోసం బాతునిచ్చిన కూతురి కథ. ఈసారి నేను ఆగలేదు. అదంతా అబద్ధం, నేను ఎగతాళి చేశాను, అది ఆయనకి జీవితాంతం అర్థం కాలేదు అన్నాను.

మా అత్త చేటలో చోళ్ళు చెరుగుతూ తల ఎత్తకుండా అంది: “నీ పక్కనే కుండట్టుకుని నిలబడ్డదాన్ని, నాకు తెల్దేటే? మీ అయ్యకీ తెలుసు. ఆ రేతిరే నాతో అన్నాడు, నా గుంటకి ఈ మాట పెద్దయినాక గుచ్చుకుంటాదే, ఇంకోలా సెప్పుకుందాం అని.”