అడ్డంగా ఊపితే అవును

మా ఆయన గంగాధర్ పోయి నాలుగేళ్ళయింది. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆఫీసులో ఆయన రాసిన ప్రోగ్రాములు ఎప్పుడో మార్చేసి ఉంటారు. బాస్కెట్‌బాల్ కోర్టుల్లో ఆయన ఊదిన విజిల్ ఎవరికీ గుర్తుండదు. జనానికి రెఫరీ గుర్తుండిపోయాడంటే ఆ రోజు ఏదో తప్పు జరిగినట్టేనని ఆయనే అనేవారు. నాకు మాత్రం రెండు వేల సంవత్సరం మొదట్లో ఒక మూడు నెలలు బాగా గుర్తున్నాయి. ఆ మూడు నెలలూ ఆయనకి తల ఊపడం నేర్పింది నేనే.

మేము తొంభై ఎనిమిదిలో సింగపూర్ వచ్చాం. ఆయనకి ఇరవై ఆరు, నాకు ఇరవై మూడు. కంప్యూటర్ చదువున్న వాళ్ళని విమానాల నిండా రప్పించుకుంటున్న రోజులవి. ఆయన ఆఫీసు పాయా లేబర్‌లో, మా అద్దె ఫ్లాట్ టాంపినీస్‌లో, తొమ్మిదో అంతస్తు. తెలుగు ఎమ్మే చదివిన నాకు ఆ ఊళ్ళో చేయడానికేమీ లేదు. కింద రైలు స్టేషన్‌కి తిరిగే ఫీడర్ బస్సు వచ్చి ఆగడం, దాని తలుపులు ఉస్సురంటూ తెరుచుకోవడం వింటూ పగళ్ళు గడిపేదాన్ని. ఆయనకి పని ఉంది గాని మనుషుల్లేరు. ఒకరోజు సాయంత్రం బూట్లు విప్పుతూ, "పొద్దున్నుంచి నేను నోరు తెరిచి మాట్లాడిన మొదటి మనిషివి నువ్వే అమూల్యా" అన్నారు. నాకూ ఆయనే మొదటి మనిషి.

ఒక ఆదివారం ఎవరో పాత డైనింగ్ టేబుల్ అమ్ముతున్నారంటే చూడ్డానికి జురాంగ్ వెస్ట్ వెళ్ళారు. మా ఇంటి నుంచి రైల్లో గంటకు పైనే. టేబుల్ తేలేదు. మూడు గంటలు ఆలస్యంగా, చొక్కా అంతా చెమటతో, జేబులో ఒక విజిల్‌తో వచ్చారు.

అక్కడ బ్లాకుల మధ్య కోర్టులో కుర్రాళ్ళు ఆడుతుంటే ఆగి చూశారట. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆయనా ఆడేవారు. పొట్టి మనిషి, అందుకని బంతిని నేలకి దగ్గరగా పెట్టుకుని దూసుకుపోయేవారట. ఎవరో సులువైన బంతిని రింగులో వెయ్యలేకపోతే ఆయన నోట్లోంచి "అయ్యో, పోయిందే" అని వచ్చింది. ఆ వేసిన కుర్రాడు వెనక్కి తిరిగి, "అన్నా, నువ్వు తెలుగా?" అన్నాడు.

అతని పేరు సురేన్. మలేషియాలో పుట్టిన తెలుగువాడు. పేరాక్ నుంచి వచ్చి జురాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌గా చేసేవాడు. "మా ఆటకి రెఫరీ ఎవడూ రాడన్నా. అందరికీ ఆడాలనే. నువ్వు ఊదు, మాకన్ మాది" అని విజిల్ చేతిలో పెట్టాడు. మాకన్ అంటే భోజనం అని ఆయన నాకు ఇంటికొచ్చి చెప్పారు. అలా ప్రతి ఆదివారం వెళ్ళడం మొదలుపెట్టారు. ఆట అయ్యాక పది మందీ చవక తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో బల్లలు కలుపుకుని తినేవారట. ఆదివారాలు ఇంటికొచ్చాక ఆయన గొంతు వేరుగా ఉండేది.

ఏడాది తిరిగేసరికి పరీక్ష రాసి చిన్న టోర్నమెంట్లకి రెఫరీ అయ్యారు. పైన ఇంకో గ్రేడ్ ఉంది. అది వస్తే పెద్ద లీగులు, తర్వాత బయటి దేశాలు. దానికి కాగితం మీద పరీక్ష కాదు, ఒక పెద్దాయన వచ్చి కూర్చుని మ్యాచ్ అంతా చూసి మార్కులు వేస్తాడు. తొంభై తొమ్మిదిలో ఆయన రెండుసార్లు ఫెయిలయ్యారు. రెండు కాగితాల్లోనూ ఒకే మాట: నిర్ణయంలో తడబాటు.

"నేను తడబడలేదు" అని ఆయన ఆ రెండు కాగితాలనీ మంచం మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ఆఫీసులో ఆయన ఎంతమందిలో ఒకరో ఆయనకే తెలియదు. ఈ ఒక్కచోటే ఆయనకి ఎక్కడికో వెళ్ళాలని ఉంది.

ఆ తడబాటు రహస్యం మా భోజనాల దగ్గర బయటపడింది. స్కోరు రాసే బల్ల దగ్గర సీతారాములు అంకుల్ అని ఒకాయన ఉండేవారు. ఆయనా మలేషియా తెలుగే, పోర్టులో చేసి రిటైరయ్యారు. జనవరిలో ఒకరోజు ఆయన్ని భోజనానికి పిలిచాం. తింటూండగా నేను, "ఏమండీ, ఇంకాస్త పప్పు వెయ్యనా?" అన్నాను. ఈయన తల ఊపారు. నేను వేశాను.

అంకుల్ తినే చెయ్యి ఆపేసి పకపకా నవ్వారు. "ఇదీ! ఇదేనమ్మా మీ ఆయన ఫెయిలయ్యేది!"

"పప్పేసుకుంటే ఫెయిలవుతారా అంకుల్?"

"నువ్వేటి అడిగినావు, ఆడేటి సెప్పినాడు?"

"వెయ్యమన్నారు."

"అన్లేదు కదా. తల అటూ ఇటూ ఊపినాడు. నువ్వు ఏసీసినావు. అదే స్కోరు బల్ల కాడ నా పక్కన కూకునే చైనా ఆయన్ని అడుగు, వద్దన్నాడంటాడు." ఆయన ఈయన వైపు తిరిగారు. "మొన్న కెల్విన్ నిన్నేటి అడిగినాడు? బంతి ఎర్రోళ్ళదేనా అని. నువ్విలాగ ఊపినావు. ఆడు కాదనుకుని నీలం వాళ్ళకిచ్చినాడు. నువ్వు మళ్ళీ విజిల్ ఊది ఎర్రోళ్ళవైపు సెయ్యి సూపినావు. ఇద్దరు రెఫరీలు, రెండు దిక్కులు. సూసేవాడు ఏటనుకుంటాడు తంబీ?"

కెల్విన్ ఆ రెండు పరీక్షల్లోనూ ఈయనతో జోడీగా నిలబడిన రెఫరీ.

"మరి మీ తల ఊగదా అంకుల్?" అన్నాను.

"ఈ ఊరొచ్చి ముప్పై ఏళ్ళయింది. బయట నా తల సిమెంటు. ఇంట్లో మా బంగారమ్మ కాడ ఊగుద్దిలే."

మర్నాటి నుంచి పాఠాలు. ఆయన ఆఫీసు నుంచి రాగానే సోఫాలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేదాన్ని. అవునైతే పైకీ కిందకీ ఒక్కసారి ఊపాలి. పక్కకి ఒరిగితే ఫెయిల్.

"మీ పేరు గంగాధరేనా?"

తల పక్కకి ఒరిగింది.

"ఫెయిల్. కాఫీ కావాలా?"

మళ్ళీ ఒరిగింది.

"ఫెయిల్. కాఫీ లేదు."

"అన్యాయం. ఇప్పుడు నిజంగా కావాలి."

"నిజంగా కావాల్సినవాళ్ళు నిలువుగా ఊపుతారు."

మొదటివారం ఇద్దరం నవ్వి నవ్వి అలిసిపోయేవాళ్ళం. పెళ్ళయ్యాక మేము అన్నిసార్లు ఎదురెదురుగా కూర్చున్నది అప్పుడే. గడ్డం కింద పుస్తకం పట్టుకున్నాను. అద్దం ముందు నిలబెట్టాను. "నేనంటే ఇష్టమేనా?" అని హఠాత్తుగా అడిగితే గింజ పొడిచే కోడిలా టక్కున ఒకసారి ఊపి, "పాసా?" అన్నారు. మార్చి నెల వచ్చేసరికి ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడేటప్పుడు కూడా ఆయన తల కదలడం లేదు. నాకు గర్వంగా ఉండేది. ఒక్కోసారి మాత్రం ఏదైనా అడిగి, ఆయన మొహం చూస్తూ అలాగే ఉండిపోయేదాన్ని. పాత ఊపులో చాలా ఉండేవి. సరేలే అని, నీ ఇష్టమని, నాకూ తెలీదు గాని అవుననుకో అని. కొత్తదానిలో అవును తప్ప ఇంకేమీ లేదు.

మూడో పరీక్ష ఏప్రిల్‌లో, మధ్యాహ్నం పూట ఒక కమ్యూనిటీ హాల్లో. నేనూ వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఆడుతున్న రెండు జట్లలో ఒకటి సురేన్ వాళ్ళది. గెలిస్తే వాళ్ళు పై డివిజన్‌కి వెళతారు. మ్యాచ్ అంతా ఆయన బాగా చేశారు. పరీక్షించే పెద్దాయన ఒళ్ళో కాగితాలు పెట్టుకుని తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు.

చివరి నిమిషంలో సురేన్ వాళ్ళు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. సురేన్ బంతితో దూసుకెళ్ళి ఎగిరాడు. అడ్డం నిలబడినవాడు వెల్లకిలా పడ్డాడు. బంతి రింగులో పడింది. విజిల్ మోగింది. అడ్డం ఉన్నవాడు కదిలి ఉంటే తప్పు వాడిది, ఆ బుట్ట లెక్కకొస్తుంది. కదలకుండా ఉంటే తప్పు సురేన్‌ది, బుట్ట చెల్లదు. పైగా అది సురేన్‌కి అయిదో ఫౌల్, ఆటలోంచి బయటికి పోవాలి.

ఆయన సురేన్ మీద ఫౌల్ ఇచ్చారు.

"అన్నా! వాడు కదిలాడన్నా!" హాలు మొత్తానికి వినిపించేలా తెలుగులో అరిచాడు సురేన్. కోచ్ లేచి గోల చేస్తున్నాడు. కెల్విన్ పరుగెత్తుకొచ్చి ఆయన మొహంలో మొహం పెట్టి, "షూర్ ఆ?" అన్నాడు.

ఆయన తల పైకి వెళ్ళి కిందకి వచ్చింది. ఒక్కసారే. కెల్విన్ వెంటనే బల్ల వైపు తిరిగాడు. పెద్దాయన కాగితం మీద ఏదో రాశాడు. సురేన్ చొక్కా అంచు పంటితో పట్టుకుని బయటికి నడిచాడు. వాళ్ళు ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. ఆయన పాసయ్యారు.

తిరిగి వస్తూ రైలెక్కాం. పాసైనందుకు ఏమైనా కొనుక్కుందామా అన్నాను. చాలా స్టేషన్లు దాటాక, "డెబ్బై శాతం" అన్నారు.

"ఏమిటి?"

"వాడు కదల్లేదని నాకు డెబ్బై శాతమే అనిపించింది. విజిల్ ఊదడానికి అది చాలు. అంతకంటే ఎవరికీ తెలియదు కూడా. కానీ కెల్విన్ అడిగినప్పుడు నూరు శాతమని ఊపాను."



తర్వాతి ఆదివారం నన్ను కూడా జురాంగ్ వెస్ట్ తీసుకెళ్ళారు. కోర్టులో ఆట నడుస్తోంది. ఇంకెవరో విజిల్ ఊదుతున్నారు. సురేన్ మమ్మల్ని చూసి బయటికొచ్చి, నాకు నమస్కారం పెట్టి, బంతిని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు నేనిచ్చిన ఫౌల్ కాల్ గురించి" అన్నారు ఆయన. "నాకు పూర్తిగా తెలియలేదురా."

సురేన్ బంతిని రెండో చంకలోకి మార్చుకున్నాడు. "మరి తలెందుకు అలా ఊపావన్నా?"

ఆయన నావైపు చూడలేదు. చూస్తే బావుండుననిపించింది.

సురేనే ముందు తేరుకున్నాడు. "పర్లేదు రెఫ్. కాల్ అంటే కాలే."

"రెఫ్ ఏమిట్రా?"

"మీరిప్పుడు పెద్ద గ్రేడ్ కదా. మీ ముందు మేము మళ్ళీ ఆడాల్సి వస్తాది. అన్నా అని పిలిచామనుకోండి, గెలిస్తే వాళ్ళన్న గెలిపించాడంటారు. ఓడితే..." అతను నవ్వబోయాడు. "మాకన్ కూడా వద్దులెండి. ఎవరైనా చూస్తే మీకే సుసా."

సుసా అంటే కష్టం. అది ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. నువ్వు అనేవాడు మీరు అన్నాడు. కోపంతో అన్లేదు. కోపంతో అని ఉంటే ఆయన ఏదో ఒకటి బదులు చెప్పగలిగేవారు.

ఆ తర్వాత ఆయన నిజంగానే పైకి వెళ్ళారు. పెద్ద లీగులు, రెండుసార్లు బ్యాంకాక్, ఒకసారి మనీలా. పై గ్రేడ్ రెఫరీలు జట్లతో కలిసి తినకూడదు, ఒకే బస్సులో రాకూడదు, మ్యాచ్ ముందు పలకరింపులు పనికిరావు. నేను డబ్బాలో పెట్టిచ్చిన పులిహోర ఆయన హాలు వెనక మెట్ల మీద ఒక్కరే కూర్చుని తినేవారని సీతారాములు అంకుల్ చెప్పారు. అది విని నేనొచ్చి పక్కన కూర్చుంటానన్నాను.

"వద్దు" అన్నారు. "నువ్వు ఎవరో ఒకరి వైపు చప్పట్లు కొడతావు."

"కొట్టను."

"నీ మొహంలో తెలిసిపోతుంది. అందరూ చూస్తారు."

అది నిజమే. అందుకని మ్యాచ్ ఉన్న రోజుల్లో డబ్బా కట్టిచ్చి నేను ఇంట్లోనే ఉండిపోయేదాన్ని.