ఎలుక తోకల మీది గీతలు

శుభ్రత మనిషిని నిలువునా ముంచుతుందని మీకెవరైనా చెప్పారా? నాకూ చెప్పలేదు. చెప్పి ఉంటే మస్కట్ పక్కన అల్ ఖౌద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద మందు పరిశోధనను నా చేతులతో నేనే తుడిచిపెట్టేదాన్ని కాదు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే తుడిచాను. దూదితో!

మా ల్యాబ్‌లో పని ఏమిటంటే, తెల్ల ఎలుకలకు మందు పట్టించి, గంట గంటకూ తోక నుంచి కాస్త రక్తం తీసి, ఆ మందు ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. ఏ ఎలుక రక్తం దానికి వేరుగా ఉంచాలి. అవేమో ఒకే రేకులో పోసిన ఇడ్లీల్లా ఉంటాయి. అందుకని తోకల మీద పెన్నుతో గీతలు పెడతాం. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అలా. పెన్ను మీద ‘పర్మనెంట్’ అని ఇంత పెద్ద అక్షరాలు!

మా పై అధికారి, ఒమానీ డాక్టరు మరియం గారు, ఆ రోజు మొదటిసారి పని నాకు వదిలేశారు. సరిగా చేస్తే ఉద్యోగం ఖాయం. సాయానికి భీమవరం ప్రభుదాస్, మా సీనియరు. ఒక్కో తోకనూ గోరువెచ్చని నీళ్లలో ముంచి, స్పిరిట్ దూదితో మొదలు నుంచి కొస దాకా, బతుకమ్మ పండక్కి ఇత్తడి బిందెలు తోమినట్టు తోమి, సూది గుచ్చి రక్తం తీశాను. ఒక్క చుక్క కింద పడితే ఒట్టు!

గంట తర్వాత రెండో విడత.

“సరిత గారూ, రెండు గీతల దాన్ని తీయండి,” అన్నాడు ప్రభుదాస్.

బోనులోకి తొంగిచూశాను. “అన్నా, గీతలేవి?”

“గీతలేవంటే ఏంటండీ? పొద్దున్న మీరేగా పెట్టారు?”

“పెట్టిన! ఇప్పుడు ఒక్కదానికీ లెవ్వు!”

“పరాచికాలొద్దండి బాబూ, మేడం వచ్చేత్తారు! పోనీ, ఆ లావుగా ఉన్నది మూడోది కదండీ?”

“అన్నీ లావుగనే ఉన్నయ్! మీరు పెట్టే తిండికి సన్నగెట్లుంటయ్?”

“రెండోది పొద్దున్న మీ వేలు కొరికింది కదా? మళ్లీ పెట్టి చూడండి!”

“మీరే పెట్టుండ్రి!”

చివరికి నేనే పెట్టాను. ఒక్కటంటే ఒక్కటి కొరికితేనా! వాసన చూసి, మీసాలు ఆడించి, సాధువుల్లా పక్కకు తప్పుకున్నాయి.

సరిగ్గా అప్పుడే మరియం గారు వచ్చారు. తప్పు నాది కాదన్న ధీమాతో ముందు నేనే అరిచాను. “మేడం, ఈ పెన్ను మోసం! పర్మనెంట్ అని రాసి అమ్ముతున్నారు!”

ఆమె నా చేతిలోని స్పిరిట్ దూది తీసుకుని గోడ మీది తెల్లబోర్డు దగ్గరికి నడిచారు. ఎవరో అదే పెన్నుతో పొరపాటున రాసిపోయిన అక్షరాల మీద ఒక్కసారి రుద్దారు. మాయం!

“మేం బోర్డు తుడిచేది ఈ స్పిరిట్‌తోనే సరితా,” అన్నారు. తర్వాత గొంతు గట్టిపడింది. “పాపం, ఆ జీవాలను ఊరికే గుచ్చాం. నా కోపం దానికి. ఖలాస్, ఈరోజుకు ఆపండి. వాటిని పడుకోనివ్వండి.”

అవి హాయిగా పడుకున్నాయి. నా ఉద్యోగం ఖాయం కావడమే ఇంకొన్నాళ్లు వాయిదా పడింది. శుభ్రంగా పనిచేసి చీవాట్లు తిన్న మనిషి మొత్తం మస్కట్‌లో నేనొక్కదాన్నే! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పేరూ నంబరూ అడక్కుండా ఏ ప్రాణి తోకనూ తుడవను.