మూడు నుంచి నాలుగు దాకా

అతని పని చిరునామాలు చదవడం. చేరవలసిన చోటికి చేరని పార్సిళ్ల ఫొటోలు తెర మీదికి వస్తాయి. వానకు సిరా కారినవి, తొందరలో గిలికినవి, ఇంటి నంబరు మరిచి ఎదురు దుకాణం గుర్తు రాసినవి. కూడబలుక్కుని చదివి సరైన చిరునామా టైపు చేస్తే పార్సిలు మళ్లీ బయలుదేరుతుంది. పంతొమ్మిదేళ్లుగా అదే పని. ఇప్పుడు ఏడుగురి జట్టుకు అతనే పెద్ద.

ఒకప్పుడు అందరూ ఒకే హాల్లో కూర్చునేవారు. అద్దె ఎక్కువైందని కంపెనీ హాలు వదిలేసింది. ఏడుగురూ ఏడు ఊళ్లలో, ఎవరి ఇళ్లలో వాళ్లు మిగిలారు. కొన్నాళ్లకు పైనుంచి మాట వచ్చింది. జట్టులో దగ్గరితనం తగ్గుతోంది, పెంచాలి అని. అతను పొడుపుకథల పోటీ పెట్టాడు. చిన్ననాటి ఫొటోలు చూపించమన్నాడు. అందరూ నవ్వవలసిన చోట నవ్వి తెర ఆర్పేసేవారు.

హాలుతో పాటు పోయినవి మాటలు కావని అతనికి తర్వాత తట్టింది. కుర్చీ జరగడం, ఎవరో తుమ్మడం, పక్క బల్ల మీద గ్లాసు పెట్టిన చప్పుడు. అందుకని ఒక ఏర్పాటు చేశాడు. రోజూ మూడు నుంచి నాలుగు దాకా అందరూ మైకులు తెరిచి ఉంచుతారు. కెమెరా వద్దు. మాట్లాడనక్కర్లేదు. పని చేసుకుంటూ ఉంటే చాలు. ఇష్టం లేనివాళ్లు మూసుకోవచ్చు. ఎందుకని ఎవరూ అడగకూడదు.

మొదటివారం అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. తర్వాత ఇళ్లు వినపడసాగాయి. ఒకరింట్లో పంపు కారేది. జట్టులో అందరికన్నా చిన్నదాన్ని పాప అనేవారు. వాళ్లమ్మ పక్కగదిలో కుట్టుమిషను తొక్కేది. ఇంకొకరి కూతురు ఎక్కాలు వల్లించేది. ఒకనాడు ఆ పిల్ల ఏడెనిమిదుల దగ్గర ఆగిపోయింది. మొదటినుంచి ఎత్తుకుని మళ్లీ అక్కడే ఆగింది.

"యాభయ్యారు తల్లీ!" అని ఆరు ఊళ్ల నుంచి ఆరు గొంతులు ఒకేసారి అరిచాయి.

ఆ రోజు నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, మూడుకు అయిదు నిమిషాల ముందే అందరూ వచ్చి కూర్చునేవారు.

అతన్ని వాళ్లు చాటుగా వెన్నపూస సారు అనేవారు. తప్పు చేసినవాళ్లతో కూడా "ఈ ఒక్క అక్షరం మరోసారి చూద్దామా?" అనేవాడు గనక. ఆ పేరు అతనికి తెలుసు. తెలిసినట్టు కనపడనిచ్చేవాడు కాదు. లోలోపల మురిసేవాడు.

ఇంట్లో తండ్రి ఉండేవాడు. నలభై ఏళ్లు కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి. మిషను విప్పకముందే చక్రం ఒకసారి తిప్పించి, చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ఎనభై దగ్గరపడ్డా ఆ చెవులు అలాగే ఉన్నాయి. మూడు కొట్టేసరికి గది గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, కొడుకు జట్టును వింటూ కూర్చునేవాడు.

కొడుకు కుర్చీ కిర్రుమనేది. అది ఆయన చెవికి గిట్టలేదు. పదిమంది వినేచోట ఏం బాగుంటుందని, ఒక మధ్యాహ్నం కొడుకు భోజనానికి లేచినప్పుడు మిషను నూనె తెచ్చి కుర్చీ కీళ్లలో పోశాడు. చెయ్యి వణికి నూనె ఎక్కువైంది. మూడు దాటాక కొడుకు కుర్చీని ముందుకు లాక్కోబోతే కొత్త చొక్కా మోచేతి దాకా నల్లబడింది.

"నిన్నెవడు పొయ్యమన్నాడు? బుర్రుందా అసలు? ఒక మూల పడుండలేవూ? తిండి దండగ!"

తండ్రి లేచి తన భుజం మీది తువ్వాలు అందించాడు. దాన్ని లాక్కుని తుడుచుకుంటుండగా అతనికి తెలిసింది. స్పీకరులో టైపు చప్పుళ్లు ఆగిపోయాయి. పంపు ఒక్కటే కారుతోంది. అంతలో తెర మీద ఒక్కొక్క పేరు పక్కన మైకు గుర్తు మీద ఎర్ర గీత పడింది. ఆరు గీతలు. అతనికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మూడింటికి అందరూ వచ్చారు. మైకులు మాత్రం మూసే ఉన్నాయి. అతనూ తనది మూశాడు. ఎందుకని అడగకూడదన్న నియమం తను పెట్టిందే.

"ఏంరా, మీవాళ్లకి ఇవాళ సెలవా? చడీచప్పుడూ లేదు," అన్నాడు తండ్రి స్టూలు మీంచి.

"నిన్న మైకు తెరిచి ఉంది నాన్నా."

తండ్రి లేచి వచ్చి, మైకు తెరిపించి, కొడుకు భుజం మీదుగా వంగి, తెరతో మాట్లాడాడు.

"అమ్మా, బాబూ, నేను వీళ్ల నాన్నని. నాకు బొత్తిగా చెవుడు. మెల్లిగా చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పాపం, వీడు గొంతు చించుకోవాల్సిందే. నిన్న మీరు హడలిపోయుంటారు. ఏమీ అనుకోకండి."

కొడుకు కాదనలేదు. ఒక్కమాట చాలు. అనలేదు. ఎర్ర గీతలు ఒక్కొక్కటే పోయాయి.

"అయ్యో, తాతగారూ! అదేం, లేదండీ!" అని పాప ఒక్కో మాటా విడదీసి అరిచింది.

ఆ రోజునుంచి తండ్రి చెవిటివాడయ్యాడు. మూడు కొట్టగానే ఒకరి తర్వాత ఒకరు "తాతగారూ, భోంచేశారా?" అని కేకలు పెట్టేవారు. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రెండుసార్లు "ఆఁ? ఏంటీ?" అని, మూడోసారి జవాబిచ్చేవాడు. వాళ్లు పగలబడి నవ్వేవారు. జట్టు మునుపటికన్నా దగ్గరైంది. పైనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. అతను అది ఎవరికీ చూపించలేదు.

మందుల దుకాణంలో పనిచేసే భార్య ఇంటికి వచ్చాక ఒకనాడు ఆమెతో చెప్పుకున్నాడు.

"కొత్తేముంది?" అంది ఆమె చెప్పులు విప్పుతూ. "ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం. నాకూ మామయ్యగారికీ ఎప్పుడో తెలుసు. వాళ్లకి ఇప్పుడు తెలిసింది."

ఒకరోజు పాప ఇంట్లో మిషను చప్పుడు మారింది. టకటకల నడుమ సన్నటి గీరుడు. "దారం తెగిపోతోందే, వెధవ మిషను. బాగుచేసేవాడు వారం దాకా రాడట," అని వాళ్లమ్మ విసుక్కోవడం ఏడు ఇళ్లలోనూ వినపడింది. స్టూలు మీద తండ్రి మెడ నిక్కింది. కుడిచెయ్యి గాల్లో చక్రం తిప్పింది. పెదాలు విడివడ్డాయి. కొడుకు వైపు ఒకసారి చూసి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాడు.

నాలుగు దాటాక మెల్లిగా అన్నాడు. "షటిల్లో దారప్పోగు ఇరుక్కుంది. నిమిషం పని."

కొడుకు మొహం తిప్పుకున్నాడు.

ఆ వారమే టీచరమ్మ ఫోను చేసింది. ఆవిడ బడి ఉద్యోగం మానేసి వచ్చి జట్టులో చేరిన పెద్దావిడ.

"సార్, మీకు చెప్పొద్దంది గానీ చెబుతున్నా. పాప అందర్నీ కూడగట్టి మీ నాన్నగారికి చెవిలో పెట్టుకునే మిషను కొంటోంది."

"వద్దని చెప్పండి టీచరమ్మా."

"ఏమని చెప్పను? చెవిటివాళ్లతో గట్టిగా మాట్లాడతారు సార్. తిండి దండగ అనరు. మాకు ఆ రోజే తెలుసు. పెద్దాయన అంత కష్టపడి కథ అల్లాడు కదా అని ఊరుకున్నాం. పాప ఒక్కతే నమ్మింది. ఆయన్నీ నమ్మింది, మిమ్మల్నీ నమ్మింది."

మర్నాడు పలకరింపులు మొదలుకాకముందే అతను మాట్లాడాడు.

"ఒక్క నిమిషం. మా నాన్నకు చెవుడు లేదు. ఆ రోజు నేను ఆయన్ని తిట్టాను. నా పరువు కోసం ఆయన అబద్ధమాడాడు. నలభై రోజులుగా నేను ఆడనిస్తున్నాను."

"ఒరేయ్, ఎందుకురా ఇవన్నీ..." అంటూ తండ్రి లేచాడు.

"నువ్వూరుకో!"

ఆ మాట వెళ్లిపోయింది. ఇంట్లో వాడే గొంతుతోనే వెళ్లింది. ఆరుగురూ విన్నారు.

"సార్," అంది పాప. "ఆ రోజు తర్వాత ఎప్పుడూ అలా అనలేదు కదా?"

"ఆ తర్వాత అనలేదు. అంతకుముందు అన్నాను. చాలాసార్లు."

పాప పేరు పక్కన ఎర్ర గీత పడింది. మిగతావాళ్లు టైపు చేస్తూనే ఉన్నారు.

మరుసటిరోజు మూడైనా తండ్రి గుమ్మం దగ్గరికి రాలేదు. వెనకగదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"రా నాన్నా. వాళ్లు అడుగుతారు."

"నేను రాను. అన్నిరోజులు కేకలు పెట్టించాను వాళ్లచేత. ఆ పిల్లలకి నా మొహం ఎలా చూపించను? ముసలివాణ్ణి, నాటకాలాడానని నవ్వుకుంటారు."

"తప్పు నాది. నిన్నే చెప్పాను కదా."

"వాళ్లకి చెప్పావు," అన్నాడు తండ్రి.

అతను గుమ్మంలో ఆగిపోయాడు. ఆ నూనె పడిన రోజునుంచి జ్ఞాపకంలో వెతుక్కున్నాడు. క్షమించమని తండ్రితో ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు అందామనుకున్నాడు. "నాన్నా," అన్నాడు. తండ్రి తల ఎత్తలేదు. భుజాలు కొద్దిగా దగ్గరికి ముడుచుకున్నాయి, ఏదో మీద పడబోతున్నట్టు.

అతను అడుగు వెనక్కి వేశాడు. గది బయటే, నేల మీద, తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. ముందుగదిలో స్పీకరులోంచి ఎవరో అతన్ని పిలుస్తున్నారు. అతను లేవలేదు.