తునికాకు కల్లంలో నా పరిశోధన

ఆ రోజుల్లో మనసుకు కూడా జబ్బు చేస్తుందని మా వైపు ఎవరూ అనుకునేవారు కాదు. అలాంటి కాలంలో, ఇప్పటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మనుషుల మనసుల్లోకి మొదట తొంగిచూసిన పరిశోధకుణ్ణి నేనే. ఒక్క పూటలో నలభై మందిని అడిగి రాసుకొచ్చాను. డిగ్రీ చదివే మా మనవరాలు ఈ ఎండాకాలం అలాంటి సర్వే శిక్షణకే ఎంపికైందని తెలిసి, ఈ ముక్క ఆమెకు మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి మొదలుపెట్టగానే "గట్లెట్లయితది తాతా? ఒక్కొక్కలకు గంట పడ్తదని మా మేడం చెప్పింది" అంది. అందుకే ఈ ఒప్పుకోలు.

పరిశోధకుణ్ణి అన్నది పెద్ద మాట. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. సెలవుల్లో తరిగొప్పులలో మా ఇంట్లో ఉంటే నాయిన బావిలో పూడిక తీయిస్తాడని భయపడి, కాలేజీలో ఈ సర్వేకు పేరిచ్చాను. మూడు జిల్లాలన్నదీ కోతే. వెళ్ళింది ఒక్క ఘనపూర్ వైపే. శిక్షణలో మేడం గట్టిగా చెప్పారు: మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి, మాట్లాడకపోతే ఆగాలి, సలహాలివ్వకూడదు. (మా వైపు మనిషిని సలహా ఇవ్వొద్దనడం కన్నా పూడికే నయం.) రోగి వేషం కట్టమంటే నేను ఏడ్చిన ఏడుపుకు, నాకు జోడీగా వేసిన అమ్మాయి పరుగెత్తి నీళ్ళు తెచ్చింది. ఆ అమ్మాయే తర్వాత మా ఇంటామె అయింది. మళ్ళీ నా ఏడుపును ఎన్నడూ నమ్మలేదు.

మేం వెళ్ళేసరికి అక్కడ బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. తెల్లారకముందే అడవికి పోయొచ్చిన ఆడవాళ్ళు కల్లంలో కూర్చుని ఆకు కట్టలు కడుతున్నారు. ఇళ్ళకు తాళాలు. కల్లంలో ఒకామెను అడిగితే పక్కామె జవాబు చెబుతుంది. "దానికేమైంది? గడ్డపార లెక్కున్నది. నన్నడుగు, మోకాళ్ళు గుంజుతున్నయ్." ఇంకొకామె "మా ఆయన తాగొచ్చి కొడ్తడు, గది రాయవా?" అంది. "అది మనసుది కాదక్కా" అన్నాను. (మనసుదేనని ఇప్పుడు తెలుసు.)

పైగా, ఎవరైనా ఒక్క ప్రశ్నకు "ఇబ్బంది ఉంది" అంటే ఇంకో నాలుగు పేజీలు నింపాలి. రెండు గంటల బస్సు పోతే సాయంత్రం దాకా ఇంకోటి లేదు. నేను ఒక రాయెక్కి నిలబడ్డాను. "రాత్రుల్ల నిద్ర పట్టనోళ్ళు, ఊకె ఏడుపొచ్చేటోళ్ళు చేతులెత్తుండ్రి!"

కల్లమంతా ఒకటే నవ్వు. "ఏంది పిలగా, ఓట్లకొచ్చినవా?"

చివరి వరుసలో ఒకామె మాత్రం చెయ్యి సగం లేపి, కొంగు సర్దుకున్నట్టు దించేసింది. చూశాను. చూసి కూడా, పేర్లు మాత్రం అడిగి రాసుకుని, నలభై కాగితాల మీదా "ఇబ్బంది లేదు" అని గీసి బస్సెక్కాను. ఆ పూట ముగ్గురినే అడగగలిగిన నా జోడీని దారంతా ఎగతాళి చేశాను. మేడం నా భుజం తట్టారు.

వారం తర్వాత ఆ ఊరి బడికి మాతోపాటు డాక్టరు వచ్చాడు, "ఇబ్బంది ఉంది" అని కాగితంలో ఉన్నవాళ్ళను మాత్రమే చూడడానికి. పిలుపు లేకపోయినా, చెయ్యి లేపిన ఆమె వచ్చింది. తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, బడి వరండాలో అందరికన్నా ముందు కూర్చుంది. మేడం ఆమె కాగితం వెతికి తీసి, "నీకేం లేదని రాశారు కదమ్మా" అన్నారు. ఆమె నా వంక చూసింది.

"ఏం లేదంటనా తమ్మీ? నేను మంచిగనే ఉన్ననా?"

తప్పు గీశాను మేడం అంటే సరిపోయేది. కానీ నా సర్టిఫికెట్ మీద ఇంకా సంతకం పడలేదు. "మంచిగనే ఉన్నవక్కా" అన్నాను. ఆమె లేచి కల్లం వైపు నడిచిపోయింది. ఆ తర్వాత ఆమె ఏమైందో తెలియదు, తెలుసుకోలేదు. సర్టిఫికెట్ మాత్రం ఇప్పటికీ ఇనప పెట్టెలో ఉంది. "ఎదుటివారు చెప్పేది ఓపికగా వింటాడు" అని అందులో రాసి ఉంది. రాయెక్కి నిలబడ్డ ఆ పిలగాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు వరండా దాకా రాదు.

ఇదంతా మనవరాలికి ఇచ్చే ముందు మా ఇంటామెకు చదివి వినిపించాను. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె కూరగాయల కత్తి పక్కన పెట్టింది.

"సగం లేపిందా? నేను నీ పక్కన్నే ఉన్న. మొత్తం లేపింది. 'దించక్కా, బస్సుకు టైమైతుంది' అన్నది నువ్వు."