తెల్లబోయిన తెర

వనపర్తిలో కంప్యూటర్ డిప్లొమా చదివిన యమున గద్వాలకు తిరిగొచ్చి మూడేళ్లయింది. వాళ్లది మగ్గాల ఇల్లు. చీరల నమూనాలు గీసే చిన్నమ్మ కళావతి కోసం తనే ఒక ప్రోగ్రాం రాసింది. తెర మీద గళ్లలో పువ్వో హంసో గీసి బటన్ నొక్కితే చాలు, మగ్గానికి ఎక్కించే అట్టల్లో ఏ వరుసకు ఎక్కడ రంధ్రాలు పడాలో అదే లెక్కగట్టి ఇస్తుంది. ముప్పై ఏళ్లు గ్రాఫు కాగితం మీద గీసిన కళావతి నెల తిరక్కుండానే మౌసుకు అలవాటు పడింది.

చిన్న అంచులకు లెక్క క్షణాల్లో తేలేది. ఒకరోజు ఆమె హంసల బారులతో పెద్ద కొంగు గీసి బటన్ నొక్కింది. తెర తెల్లబోయింది. ఎంత నొక్కినా ఉలకలేదు, పలకలేదు. ఏదో చెడగొట్టానని భయపడి స్విచ్చి ఆపేసింది. రెండు రోజులు గీసిందంతా పోయింది.

సాయంత్రం యమున వచ్చేసరికి కళావతి మళ్లీ కాగితం, పెన్సిలు ముందేసుకుని కూర్చుంది.

"చిన్నమ్మా, అది లోపల లెక్క చేస్తుండె. జర నాలుగు నిమిషాలు ఆగితే అయిపోతుండె."

"పని చేస్తుందో, పానం పోయిందో నాకెట్ల తెలుస్తది బిడ్డా? పిలిస్తె పలకకపాయె."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే యమునకు ఎక్కువ తగిలింది. తప్పు తనదే. ప్రోగ్రాంలో పనులను ఒకదాని వెంట ఒకటిగా నడిపే వరుసను థ్రెడ్ అంటారు; మౌసు నొక్కులు వినే థ్రెడ్‌కే లెక్క కూడా అప్పజెప్పింది. లెక్కలో మునిగినంతసేపూ అది ఇంకెవరి మాటా వినదు.

మర్నాడు లెక్కను వేరే థ్రెడ్‌లోకి మార్చింది. అది ఎంతవరకు వచ్చిందో చూపే పచ్చగీతను కూడా ఆ కొత్త థ్రెడ్‌తోనే కదిలించబోతే ప్రోగ్రాం మొత్తం కూలింది. రెండు రోజులు తల పట్టుకున్నాక కిటుకు దొరికింది. లెక్క చేసే థ్రెడ్ తెరను ముట్టుకోకూడదు. ఎన్ని వరుసలయ్యాయో కబురు పంపితే చాలు, గీత కదిపే పని పాత థ్రెడ్‌దే. మధ్యలో బొమ్మ మారిస్తే అట్టలు సగం పాతవి, సగం కొత్తవి అవుతాయని, లెక్కకు బొమ్మ నకలు ఇచ్చింది. లెక్కకు ముందే అసలు బొమ్మ దానంతటదే భద్రమయ్యేలా చేసింది. తెర మీద 'ఆపు' బటన్ పెట్టి, ప్రతి వరుస తర్వాతా దాన్ని నొక్కారా అని లెక్క చూసుకునేలా రాసింది.

మళ్లీ కంప్యూటర్ ముట్టడానికి కళావతి వెంటనే ఒప్పుకోలేదు. వారం తర్వాత, కాగితం మీద గీసిన కొంగునే తెర మీదికి ఎక్కించి బటన్ నొక్కింది. పచ్చగీత మెల్లగా జరుగుతుంటే ఆమె తెర మీదే ఇంకో కిటికీ తెరిచి అంచుకు మామిడి పిందెలు గీయసాగింది. సగంలో చప్పున 'ఆపు' నొక్కింది.

"ఏమైంది చిన్నమ్మా?" యమున కుర్చీ దగ్గరికి వచ్చింది.

"ఏం కాలే. నాలుగో హంసకు ముక్కు వంకర పోయింది. సరిజేసి మళ్ల పెడత."

ఆపగానే ఆగింది. ముక్కు దిద్ది, మళ్లీ నొక్కి, ఆమె పిందెల దగ్గరికి వెళ్లిపోయింది. యమున వైపు చూడనే లేదు.

ఆ నెలాఖరున పక్కింటి వసంత నేర్చుకుంటానని వచ్చింది. కుర్చీ ఆమెకిచ్చి, కళావతి వెనక నిలబడింది.

"భయం లేదు వసంతా, నొక్కు. అది పని చేస్తుంటది, నువ్వు నీ పని చేసుకో."