పెంచడానికి వీల్లేని పద్దు

మా ఇంట్లో పార్లమెంటు తాతతో మొదలైంది. ఒకసారి ఢిల్లీ వెళ్లినప్పుడు ఆయన లోక్‌సభ సందర్శకుల గ్యాలరీలో కూర్చుని పద్దుల మీద చర్చ చూశాడు. మంత్రిత్వ శాఖలు అడిగిన ఖర్చు సభ్యుల ముందుకొచ్చి, ప్రశ్నలు ఎదుర్కొని, ఓటయ్యాకే ఖజానా కదులుతుందన్న సంగతి ఆయనకు ఎంతో నచ్చింది. అప్పట్లో ఇనుప ఖనిజం మోసే లారీలు మాకు చాలానే ఉండేవి. బళ్లారి తిరిగొచ్చి, బ్రూస్‌పేటలోని మా ఇంట్లో కూడా అలాగే జరగాలన్నాడు.

అప్పటి నుంచి చలికాలంలో ఇంటిపెద్ద ఒక్కొక్కరి అంచనా అడుగుతాడు, కత్తిరిస్తాడు. ఢిల్లీలో ఆర్థిక మంత్రి ప్రసంగం అయిన సాయంత్రం మా హాల్లో ఇంటి బడ్జెట్ చదువుతాడు. అక్కడ పార్లమెంటు సంఘాలు పద్దులను పరిశీలించేందుకు సభకు విరామం ఇస్తారు, మాకూ విరామమే. తరువాత ఒక ఆదివారం చర్చ, మూజువాణి ఓటు. అక్కడి నియమం ఒకదాన్ని తాత గట్టిగా పట్టుకున్నాడు: సభ్యులు పద్దును తగ్గించమనవచ్చు, వద్దనవచ్చు. పెంచమనడానికి వీల్లేదు.

"అన్న పెట్రోలు పద్దును ఒక్క రూపాయికి కోయాలని తీర్మానం పెడ్తాండా," అనేది చెల్లెలు. ప్రభుత్వ విధానమే నచ్చలేదని చెప్పడానికి పార్లమెంటులో వాడే కోత అది. "కౌల్‌బజారు దాకా పోయొచ్చేకి బండి యాలన్నా?"

"నీ చుడీదార్ల పద్దు రానీ, అప్పుడు చెప్తా," అనేవాణ్ణి నేను.

అమ్మ సొంత ఖర్చుల పద్దు ఎప్పుడూ చివర. అప్పటికి అన్నం వేళయ్యేది. పార్లమెంటులోనూ చర్చకు రాని పద్దులన్నీ ఆఖరి రోజు ఒక్కసారే ఓటుకు పెట్టేస్తారు. దాన్ని గిలెటిన్ అంటారు. "మీ అమ్మ పద్దుకు చర్చ ల్యా. అది మన ఇంటి మర్యాద," అనేవాడు నాయన. అనుకూలురు ఔననండి అని ఆయన అనగానే, వంటింటి గడప దగ్గర నుంచి అమ్మ ఔను అందరికంటే ముందు వినిపించేది.

గనులు ఆగాయి. లారీలు పోయాయి. ముందు గది చెప్పుల దుకాణానికి ఇచ్చాం. అయినా సాయం కోసం ఏ బంధువు గుమ్మమూ తొక్కలేదు, ఆదివారం సభ మానలేదు. దాని గురించి ఈ రోజుకీ సిగ్గుపడను. ఏటేటా అమ్మ పద్దు మాత్రం చిన్నదవుతూ వచ్చింది. తగ్గిన పద్దును ఎవరు నిలదీస్తారు? "చూడప్పా, పొదుపంటే మీ అమ్మది," అని నాయన మెచ్చుకున్నాడు. నేనూ గర్వపడ్డాను. ఏడాది మధ్యలో డబ్బు చాలకపోతే ప్రభుత్వం అనుబంధ పద్దులు తెస్తుంది. మా ఇంట్లోనూ ఆ వాడుక ఉంది. అమ్మ ఎప్పుడూ తేలేదు.

నిరుటి వేసవిలో ఆమె వంటింట్లో కూలిపోయింది. బీపీకి ఏ మాత్రలు వాడుతున్నారని ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, అమ్మ మా వైపు చూడలేదు.

"నిలిపేసి చానా దినాలయె సార్."

"యాలమ్మా?" అన్నాను.

"బాగనే ఉండా కదా అనుకొంటి. అది మిగిలితే పాప ఫీజుకు సరిపోతాండె."

కిడ్నీలు అప్పటికే చెడిపోయాయన్నాడు డాక్టరు. వానలు మొదలుకాక ముందే అమ్మ వెళ్లిపోయింది.

ఈ ఏడు సభ వద్దనుకున్నాను. నాయనే జంపఖానా పరిచాడు. ఎప్పటిలాగే నిటారుగా కూర్చున్నాడు.

"మొదట మీ అమ్మ పద్దు తీసుకుందాం. దాన్ని పెంచల్లని నేను అంటాండా."

చెల్లెలు మెల్లగా అంది: "పెంచేకి ల్యా కదా నాయనా. తాత పెట్టిన రూలు."

"అది సభ్యులకు పాపా. ప్రభుత్వం పెంచొచ్చు. ఈ ఇంట్లో ప్రభుత్వం నేనే కదా. నీకు ఎంత కావల్ల అని ఒక్కసారి అడిగింటే అయిపోతాండె."

ముందు గదిలో ఎవరో చెప్పులు బేరమాడుతున్నారు.

"అనుకూలురు ఔననండి," అన్నాడు నాయన.

అన్నాం. పద్దు నెగ్గినట్టే. కానీ ఆయన ఆ మాట ప్రకటించలేదు. వంటింటి గడప వైపు చూస్తూ, ఇంకో గొంతు కోసం ఆగాడు.