మా బండిని నాన్న గుర్తుపట్టలేదు

చూపు పోయాక మా నాన్నకి మిగిలిన సరదా ఒకటే. పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్‌లో మా ఇంటి ముందు నేను ఆయన పాత మోటార్ సైకిల్ స్టార్ట్ చేస్తే, అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వినేవారు. ఉప్పుగాలికి దాని కార్బొరేటర్ తుప్పుపట్టి పాడైపోయి, బండి చాలాకాలంగా మూలన పడి ఉంది. అలాంటి కార్బొరేటర్ కోసం ఊరంతా తిరిగాను, దొరకలేదు. చివరికి ఈ రోజు మెకానిక్ భయ్యా ఇంటికి వచ్చి వేరే బండిది బిగించాడు. దానికి పాత యాక్సిలరేటర్ కేబుల్ అందకపోతే అదీ మార్చాడు. ఒక్క కిక్కుకే బండి అందుకుంది.

"దీదీ, ఏక్‌దమ్ మక్ఖన్!" అన్నాడు భయ్యా, వెన్నలా నడుస్తోందని.

నేను సంబరంగా నాన్న వైపు చూశాను.

"ఎవులొచ్చారమ్మా?" అన్నారాయన.

"మన బండే నాన్నా. కార్బొరేటర్ మార్చినాం, అంతే."

"మన బండి సప్పుడైతే నాకు తెల్దేటి? అమ్మీసినావు కదా. నిజం సెప్పు."

ఆయన చెయ్యి పట్టుకుని పెట్రోల్ ట్యాంకు మీద పెట్టాను. ఒకసారి తడిమి, చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"ట్యాంకులన్నీ ఇలాగే ఉంటాయి" అని గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. టీ ఇస్తే ముట్టలేదు.

బాగుచేయిద్దామని పోయి, ఆయనకి ఉన్న ఆ ఒక్క చప్పుడూ నేనే లేకుండా చేశాను. బండి ఫొటో కింద పెడుతున్నాను. పై దీవిలో, రంగత్ వైపు ఎవరి షెడ్డులోనైనా ఇలాంటి బండి కార్బొరేటర్ పడి ఉంటే దయచేసి చెప్పండి. కొత్త బండి కొనుక్కోమని మాత్రం రాయకండి. మా ఇంట్లో నేను ఇప్పటికే దొంగని.